మూడో పిన్ను

నన్ను అందరూ మెరుపు అంటారు. ఆ పేరు పెట్టింది మా బావ. తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ నా చేతిలో ఉంటే పని చిటికెలో అయిపోతుందని ఆయన అలా పిలవడం మొదలుపెట్టాడు. అందులో సగం మెప్పు, సగం మందలింపు. మెప్పు సగాన్ని నేను భద్రంగా దాచుకున్నాను. రెండో సగం వినిపించనట్టు ఉండిపోయాను.

బావ అంటే మా అక్క భర్త. ఆంప్లిఫయర్లు, రికార్డు ప్లేయర్లు, మైకులు బాగుచేసే దుకాణం ఆయనది. పాట వినే పిచ్చి ఉన్నవాళ్ళంతా ఆయన్ని చెవుల మేష్టారు అనేవారు. పెట్టె మూత తియ్యకుండా రెండు నిమిషాలు విని, జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు. విప్పి చూస్తే అక్కడే ఉండేది. దుకాణంలో ఒక పొడుగు బల్ల, రెండు స్టూళ్ళు, గోడకి వరసగా కొట్టిన మేకులు, మేకులకి వేలాడే కేబుళ్ళు. ఇరవై నాలుగేళ్ళు ఆ రెండు స్టూళ్ళ మీద మేమిద్దరం మోచేతులు తగిలేలా కూర్చుని పనిచేశాం.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. దాని సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన వెధవ పనంతా దాన్ని అడ్డం పెట్టుకునే చేశాను.

చేరిన కొత్తలో నా ప్రతి అతుకునూ బావ మళ్ళీ విప్పి చూసేవాడు. కొన్నాళ్ళు పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను. ఒకరోజు ఐరన్ బల్ల మీద పడేసి, "నా మీద నమ్మకం లేకపోతే నన్నెందుకు పెట్టుకున్నారు?" అని అరిచి, ఇంటికి పోయి ముసుగుతన్ని పడుకున్నాను. అక్క మధ్యలో పడింది. మర్నాడు బావ అక్క కుట్టుపెట్టెలోంచి రెండు దారపు ఉండలు తెచ్చాడు.

"నీలం నాది, తెలుపు నీది. పని పూర్తయ్యాక ఎవడి దారం వాడు కట్టాలి. నీ దారం ఉన్నది నేను విప్పను. నా దారం ఉన్నది నువ్వు విప్పకు. దారం కట్టావంటే మాట ఇచ్చినట్టే."

అప్పట్నుంచి ఆయన ఆ మాట మీదే నిలబడ్డాడు. కేబుల్ కనెక్టర్ మెడకి తెల్లదారం కనిపిస్తే చాలు, కళ్ళు మూసుకుని వాడేవాడు. ఆయన కట్టే ముడి ఒక్కటే, గట్టిగా లాగి వదిలేవాడు. నేను రెండు వేసేవాణ్ణి. నాకు ఒక్క ముడి మీద ఎప్పుడూ నమ్మకం లేదు.

బావకి దేనికీ పెద్ద భయం ఉండేది కాదు, ఒక్కదానికి తప్ప. వాళ్ళమ్మ, అంటే మా అత్తయ్య, చివరి మూడేళ్ళు మనుషుల్ని మర్చిపోయింది. కన్నకొడుకు ఎదురుగా నిలబడితే, "మేస్త్రీగారూ, మా రేడియో ఎప్పుడిస్తారు?" అని అడిగేది. మొదట్లో మాకు నవ్వొచ్చేది. బావ కూడా పైకి నవ్వి, "రేపిస్తానమ్మా" అనేవాడు. ఆవిడ పోయిన కొన్నాళ్ళకి, పని చేస్తూ చేస్తూ ఐరన్ పక్కన పెట్టి నాతో అన్నాడు:

"పోవడానికి భయం లేదురా నాకు. అమ్మలా అవుతానేమోనని భయం. అలా అయ్యేవాడికి తను అవుతున్నట్టు తెలీదు. పొద్దస్తమానం నా పక్కన ఉండేవాడివి నువ్వే. నేను మర్చిపోతున్నట్టు నీకు ఎప్పుడనిపించినా మొహమాటపడకుండా చెప్పెయ్."

"చెప్తాను బావా" అన్నాను. అదీ మాట ఇవ్వడమే. దానికి దారం కట్టలేదు, అంతే.

అరవై దాటాక బావ ఒక ప్రీ ఆంప్ తయారుచేశాడు. పాట వచ్చే చోటుకీ, దాన్ని పెద్దది చేసే ఆంప్లిఫయర్‌కీ మధ్య ఉండే పెట్టె అది. బజారులో బోలెడు దొరుకుతాయి. ఈయనకి అవేవీ నచ్చలేదు. మూడేళ్ళు కూర్చుని, ఒక్కో భాగం ఏరి, ట్రాన్స్‌ఫార్మర్ తనే చుట్టి చేశాడు. దుకాణంలో దాని ముందు కూర్చుని విన్నవాళ్ళు మాట్లాడకుండా లేచి వెళ్ళేవారు. ఒక పెద్దాయనైతే వెళ్ళి, వీధి చివర్నుంచి వెనక్కి వచ్చి, బావ చెయ్యి పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు.

ఆ కబురు సంగీతసభ కొత్తగా కట్టిన హాలు దాకా పోయింది. అక్కడి కార్యదర్శి ఒక పెద్దావిడ. మనిషిలో ఆర్భాటం లేదు. ఆవిడే దుకాణానికి వచ్చి విని, "మా హాల్లో పెట్టి చూద్దామండీ. బాగుంటే అక్కడే ఉంచేద్దాం" అంది. ఆవిడ వెళ్ళాక బావ అరగంటసేపు తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాడు. తన పెట్టె ఒక హాల్లో, అంతమంది మధ్య పలకాలన్నది ఆయన ఏనాడూ బయటికి అనని కోరిక.

ఒక్క చిక్కుంది. హాల్లో ఆంప్లిఫయర్ మూడు పిన్నుల రకం, బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ అంటారు. మా పెట్టె పాతకాలపు పద్ధతి. పాట ఒకే తీగ మీద బయటికి వస్తుంది, చుట్టూ ఎర్తు ఉంటుంది. ఆ రెండిటినీ కలపాలంటే కేబుల్ ప్రత్యేకంగా చెయ్యాలి. బావ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు.

"మొదటి పిన్నుకి కేబుల్ పైన అల్లి ఉన్న రాగి వల, అంటే ఎర్తు. రెండో పిన్నుకి పాట. మూడో పిన్నుతోనే జాగ్రత్త. ఆ ఆంప్లిఫయర్ రెండో పిన్ను మీద వచ్చిందీ, మూడో పిన్ను మీద వచ్చిందీ పోల్చి చూసుకుంటుంది. రెండిట్లోనూ ఒకేలా ఉన్న చెత్తని పారేసి, తేడాగా ఉన్నదాన్నే పాట అనుకుంటుంది. మన పెట్టె మూడో పిన్నుకి ఇవ్వడానికి ఏమీ లేదు. ఏమీ లేదని వదిలెయ్యకూడదు. లోపల రెండో తీగ ఉంది చూడు, దాన్ని పెట్టె దగ్గర ఎర్తుకి కలిపి ఇక్కడ మూడో పిన్నుకి తేవాలి. ఆ నిశ్శబ్దాన్ని కూడా మనమే తీసుకెళ్ళి ఇవ్వాలన్నమాట. గాల్లో వదిలేస్తే దారినపోయే కరెంటు రొద, ఆ హమ్మంతా పట్టుకుని మన నెత్తిన రుద్దుతుంది."

"అర్థమైంది బావా. రెండు కొసలూ కలిపి ఐదు అతుకుల పని."

"ఐదే. అందులో ఒకటి మర్చిపోకు."

ఒకే చుట్ట నుంచి రెండు ముక్కలు సమానంగా కోశాం. ఒకటి ఆయన చేశాడు. మూడో పిన్ను దగ్గర బొటనవేలు కాల్చుకుని, "చూశావా, గుర్తుపెట్టుకోమని చురక పెట్టింది" అని నవ్వాడు. నీలందారం కట్టి మేకుకి తగిలించి, స్క్రూలు కొనుక్కొస్తానని వెళ్ళాడు. రెండోది నేను చేశాను. ఎవరో ఫోన్ చేశారు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి మాట్లాడుతూనే చేశాను. మామూలుగా మా కేబుళ్ళలో పాటకి ఒక తీగ చాలు. రెండు తీగలున్న కేబుల్ చేతికొస్తే మిగిలినదాన్ని మొదలంటా కత్తిరించి పారెయ్యడం నాకు అలవాటు. ఆ రోజు కూడా చెయ్యి తన అలవాటు ప్రకారం కత్తిరించేసింది. తెల్లదారం చుట్టి రెండు ముళ్ళు వేశాను. బావ తిరిగొచ్చి దారం చూసి, "అయిందా? మెరుపువేరా నువ్వు" అన్నాడు.

హాలుకి వెళ్ళేరోజు సంచిలో కేబుల్ పెట్టింది నేనే. నీలందారం కేబుల్ మేకుకే ఉంచి, నాది పెట్టాను. అంత గొప్పచోట బావ పెట్టెకి నా దారం అంటిపెట్టుకుని ఉండాలని ఆశ. ఆశ అన్నాను గానీ అది అసూయేమో కూడా. ఇన్నేళ్ళకి ఆ రెండిటినీ విడదియ్యడం నా వల్ల కావడంలేదు.

పొద్దున్న పదింటికి హాలు ఖాళీగా, చల్లగా ఉంది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. వేదిక ముందు బల్ల మీద పెట్టె. ముందు వరసలో కార్యదర్శి, ఇంకో నలుగురు సభ్యులు. హాలు ఇంజనీరు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఆంప్లిఫయర్ వేదిక పక్కగదిలో ఉంది, అక్కడ నేనున్నాను. కనెక్టర్ దూర్చి, స్విచ్ వేశాను.

గుయ్యిమని హమ్. హాలు నాలుగు గోడల్నుంచీ ఒకేసారి. ఆ తర్వాత పాట వచ్చింది గానీ, పక్కింట్లో మోగుతున్నట్టు నీరసంగా వచ్చింది.

బావ వాల్యూమ్ పూర్తిగా తగ్గించాడు. పాట పోయింది, హమ్ పోలేదు. అక్కడ్నుంచే గట్టిగా అడిగాడు: "ఒరేయ్, మూడో పిన్ను కలిపే ఉందా?"

"ఉంది బావా!"

అప్పుడది అబద్ధం కాదు, నేను నిజంగానే అలా అనుకున్నాను. విప్పి చూడటానికి ఒక స్క్రూ తియ్యాలి, అర నిమిషం పని. కానీ నా దారం కట్టిన పనిని నేనే అనుమానించడం నాకు నామోషీ అనిపించింది. మాట అంటే మాట ఆయనకి. కింద కూర్చుని పెట్టె మూత తీసి, అంతమంది ముందు, తన పెట్టెలోనే తప్పు వెతకడం మొదలుపెట్టాడు.

ఇరవై నిమిషాలు చూశారు. ఇంజనీరు కంపెనీ ప్రీ ఆంప్ ఒకటి, దానితో వచ్చిన కేబుల్ పట్టుకొచ్చి తగిలించాడు. హమ్ లేదు. "ఇళ్ళల్లో వినడానికి మీది బాగానే ఉంటుందండీ మేష్టారూ" అన్నాడు. కార్యదర్శి లేచొచ్చి, "దుకాణంలో ఎంత బాగుందో" అంది. ఆవిడ జాలిపడిందని బావకి తెలిసింది. ఇంటికొచ్చేదాకా పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఆయన దాన్ని విప్పని పూట లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చాడు, ఎర్తు తీగలన్నీ తీసి మళ్ళీ వేశాడు. మా దగ్గరున్న ఆంప్లిఫయర్లన్నీ పాత రకం. వాటికి తగిలిస్తే పెట్టె పెదవి విప్పినట్టే ఉండదు, అంత నిశ్శబ్దం. "ఇక్కడ లేదు, అక్కడుంది. మరి నాకే వినపడటంలేదా?" అనేవాడు. ఇంట్లో అర్ధాంతరంగా అక్కని ఆపి, "నీకు హమ్ వినపడుతోందా?" అని అడిగేవాడట. ఫ్రిజ్ ఆపించేవాడట.

నాకు అప్పటికే అనుమానం తగిలింది. కేబుల్ విప్పి చూడాలంటే భయమేసింది, చూడకుండా ఉండాలన్నా భయమేసింది. ఒకరోజు మధ్యాహ్నం బావ తనే అన్నాడు:

"పెట్టెలో ఇక చూడ్డానికేమీ మిగల్లేదురా. కేబుళ్ళే మిగిలాయి, నాదీ నీదీ రెండూ చూడాలి. కట్టుబాటు తప్పుతున్నాను, ఏమనుకోకు. భోజనం చేసొచ్చి విప్పుతాను."

నా పని విప్పడానికి నన్ను అనుమతి అడిగాడు ఆ మనిషి. "చూడండి బావా, దానికేం" అన్నాను.

ఆయన అలా వెళ్ళగానే నేను ఇలా విప్పాను. మూడో పిన్ను బోసిగా మెరుస్తోంది. తీగ మొదలంటా కత్తిరించి ఉంది.

గబగబా అతికేద్దామని ఐరన్ వేడిచేశాను. కానీ కొత్త సోల్డర్ తళతళలాడుతుంది, పాతదాని పక్కన ఇట్టే తెలిసిపోతుంది. పైగా ఆ వాసన. చెవుల మేష్టారికి ముక్కు కూడా బాగానే పనిచేసేది. చెప్పేద్దామా అనుకున్నాను. హాలు మొత్తం వినేలా "ఉంది బావా" అన్నవాణ్ణి, మూడు వారాలు ఆ మనిషి తనని తాను కొరుక్కు తింటుంటే పక్కన కూర్చుని టీ తాగినవాణ్ణి, ఇప్పుడేమని చెప్పాలి?

మేకుకున్న నీలందారం కేబుల్ దించాను. దాని దారం కోసేసి నా ఉండలోంచి తెల్లదారం కట్టాను. నా కేబుల్‌కున్న తెల్లదారం తెంపి, బావ ఉండలోంచి నీలందారం కట్టాను. బావ పనిలా కనిపించాలని పదేళ్ళపాటు తాపత్రయపడి నేర్చుకున్న చెయ్యి నాది. లోపల అతుకులు చూసి ఇది ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు నా కష్టం ఫలించింది.

బావ వచ్చి బల్ల దీపం వేశాడు. "హాలుకి ఏది పట్టుకెళ్ళాం?"

"మీదే బావా. మీరు చేసిందైతే నమ్మకంగా ఉంటుందని."

నీలందారం ఉన్నదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. స్క్రూ తీశాడు. కనెక్టర్ వెనక్కి జరిపాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నేను కలిపానురా" అన్నాడు. "నాకు బాగా గుర్తుంది. చెయ్యి కూడా కాలింది."

బొటనవేలు దీపం కిందకి తెచ్చాడు. చిన్న మచ్చ ఇంకా ఉంది. నేను ఆ మచ్చని చూశాను. ఆయన దాన్ని రెండో వేలితో రుద్దాడు.

"ఇది ఇంకెప్పుడైనా కాలిందేమో" అన్నాడు.

ఆయన స్టూలు నా వైపు తిప్పుకున్నాడు. మొహంలో కోపం లేదు. అత్తయ్య ఆయన్ని మేస్త్రీగారూ అని పిలిచిన మొదటిరోజు ఆ మొహం చూశాను, మళ్ళీ అప్పుడే చూడటం.

"నువ్వు చెప్తానని మాటిచ్చావు. దాచకు. ఎప్పట్నుంచిరా?"

అక్కడ ఆగి ఉండొచ్చు. దారాలు మార్చడం భయంతో చేశాను, పిరికివాడు ఎవడైనా చేస్తాడు. కానీ ఇప్పుడు ఎదురుగా మనిషి కూర్చుని, నేను అమ్మలా అవుతున్నానా అని అడుగుతున్నాడు. లేదు అంటే చాలు. ఒక్క మాట. అయితే లేదంటే ఆయన ఆలోచిస్తాడు, ఆలోచిస్తే దారం వైపు చూస్తాడు.

"అప్పుడప్పుడు, బావా" అన్నాను. "ఈ మధ్యే."

తలూపాడు. "మంచిపని చేశావు, చెప్పి" అన్నాడు. ఐరన్ స్విచ్ ఆపాడు. అది నేను వేడిచేసిన ఐరన్. దాని సంగతి ఆయన అడగలేదు. తనే వేసి మర్చిపోయి ఉంటాననుకున్నాడు.

హాలుకి మళ్ళీ వెళ్దామని, తప్పు పెట్టెలో లేదని చెబుదామని అన్నాను. ఆ మాట అనగలిగాను చూడండి! "ఏమని చెప్పను? నీకు పాఠం చెప్పి నేనే మర్చిపోయాననా?" అన్నాడు. మర్నాటి నుంచి దుకాణానికి రాలేదు. వారం తర్వాత తాళాలు అక్క చేత పంపించాడు.

అక్క ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వయసుకి తగ్గ మరుపే తప్ప ఏమీ లేదన్నాడు డాక్టరు. "ఆయన కేబుల్ చూడలేదుగా" అన్నాడట బావ. ఆ కేబుల్ ఇంటికి తెప్పించుకుని, మంచం ఎదుట గోడకి తగిలించుకున్నాడు, రోజూ కనపడేలా. ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాడు. గ్యాస్ ఆపాను, తలుపు వేశాను, మందు వేసుకున్నాను, అన్నీ రాస్తాడు. రాసినవి మళ్ళీ వెళ్ళి చూసుకుంటాడు. ఒంటరిగా వీధి దాటడం మానేశాడు. పాట పెడితే, ఇది నిన్న విన్నదేనా అని అడిగి, తెలీక, పెట్టడమే మానేశాడు. ఆయనకి జబ్బు లేదు. జబ్బుందని నేను ఒప్పించాను, మిగతా పని ఆయనే చేసుకున్నాడు.

నాలుగేళ్ళు గడిచాయి. దుకాణం నాదైంది. ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. పళ్ళు పట్టుకెళ్ళేవాణ్ణి. "తమ్ముడంటే నువ్వురా" అనేది అక్క.

పోయిన నెల ఒక కాలేజీవాళ్ళు ఆంప్లిఫయర్ బాగుచెయ్యమని తెచ్చారు. మూడు పిన్నుల రకం. బాగుచేశాక పరీక్షించడానికి ప్రీ ఆంప్ కావాలి. దుమ్ము పట్టిన బావ పెట్టె దించాను. మేకుకి తెల్లదారం కేబుల్ నాలుగేళ్ళుగా వేలాడుతూనే ఉంది. తగిలించాను. వాల్యూమ్ చివరిదాకా తిప్పి స్పీకరుకి చెవి ఆనించాను. ఏమీ లేదు. కరెంటు లేదేమోనని దీపం వైపు చూశాను. తర్వాత ఒక రికార్డు పెట్టాను. పాడే ఆవిడ పాటకి ముందు ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి నా పక్క స్టూలు మీంచి వినిపించింది. నేను పాట ఆపేసి, బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఏడుపు ఎవరికోసమని అడిగితే చెప్పలేను. ఎక్కువ భాగం నాకోసమే అయి ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే కేబుల్ పట్టుకుని వెళ్ళాను. బావ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను వచ్చిన టైము పుస్తకంలో రాసుకున్నాడు. అక్క పక్కనే కూరగాయలు తరుగుతోంది. నేను నిలబడే చెప్పేశాను. కత్తిరించిన తీగ, సంచిలో పెట్టిన కేబుల్, మార్చిన దారాలు, మర్చిపోతున్నారని చెప్పిన అబద్ధం, ఏదీ మిగల్చలేదు. కత్తిపీట మీద అక్క చెయ్యి అలాగే ఆగిపోయింది.

బావ మొత్తం విన్నాడు. విని, చిన్నగా నవ్వాడు.

"ఎన్నాళ్ళు ఆలోచించావురా ఇది?"

"ఆలోచించింది కాదు బావా, జరిగింది."

"నాకోసం నీమీద వేసుకుంటున్నావు. పిచ్చివాడా."

నేను తెల్లదారం కేబుల్ స్క్రూ తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇది మీరు చేసింది. మీ చెయ్యి చూడండి." ఆయన వెలుగులోకి తిప్పి, నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి ఒక అతుకుని చూశాడు. మూడో పిన్ను మీద సోల్డర్ చిన్న చుక్కలా, నున్నగా ఉంది.

"ఎంత పొందిగ్గా చేశావురా!" అన్నాడు. "నేను ఒక్కసారి చెప్తే నువ్వు గుర్తుపెట్టుకున్నావు. చెప్పినవాణ్ణి నేనే మర్చిపోయాను."

"బావా, ముళ్ళు చూడండి! గోడ మీద ఉన్నదానికి నీలందారమే గానీ రెండు ముళ్ళున్నాయి. మీరు ఒక్కటే వేస్తారు. రెండు వేసేది నేను!"

ఆయన గోడ వైపు చూశాడు. నా వైపు చూశాడు. సిగ్గుపడ్డట్టు అన్నాడు:

"నేను ఎన్ని వేసేవాణ్ణో నాకు గుర్తులేదురా."

అక్క లేచింది. గోడ మీది కేబుల్ దించి, ముడి మీద గోరు పెట్టి చూసింది. ఒకటి, రెండు. ఆ దారాలు అక్క కుట్టుపెట్టెలోవి. మా ఇద్దరి ముళ్ళూ అది ఇరవై నాలుగేళ్ళు చూసింది. "ఏమండీ, వాడు నిజమే చెప్తున్నాడు" అంది. అక్కని ఎప్పుడూ కసరని బావ కసిరాడు.

"నీ మొగుడు బాగున్నాడని అనిపించుకోడానికి తోడబుట్టినవాణ్ణి దొంగని చేస్తావా? ఇంకోసారి ఆ మాట అనకు."

తర్వాత ఆయన మంచం కింది ట్రంకుపెట్టెలోంచి నీలందారం ఉండ తీశాడు. దుకాణంలో ఆఖరిరోజు వెంట తెచ్చుకున్నాడు, తాళాలు పంపినప్పుడు కూడా అది పంపలేదు. నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "ఇకనుంచి ఇదే కట్టు. నా పేరు నిలబెట్టేవాడివి నువ్వే" అన్నాడు. నేను వచ్చినట్టు, దారం ఇచ్చినట్టు పుస్తకంలో రాసుకున్నాడు. రాసింది నాకు చూపించి, సరిగ్గా రాశానా అని అడిగాడు.

అక్క గుమ్మం దాకా వచ్చింది. నేను చెప్పులు వేసుకుంటున్నాను. పుట్టినప్పట్నుంచి అది నన్ను ఒరేయ్ అనే పిలిచింది. కోపమొచ్చినా, ముద్దొచ్చినా అదే. తలుపు రెక్క పట్టుకుని, నా మొహం చూడకుండా అంది:

"ఆదివారం మానకండి. మీరు రాకపోతే ఆయన బెంగపెట్టుకుంటారు."

ఆదివారం వెళ్ళాను. పళ్ళు పట్టుకెళ్ళాను.